మా అత్త నడిపే ఫోటో క్లబ్బు

మొన్న ఆదివారం ఎమ్మిగనూరులో ఒక కల్యాణమంటపం గోడల నిండా మా క్లబ్బు ఫోటోలు వేలాడదీశాం. వచ్చినవాళ్ళకు మజ్జిగ అందిస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు, ఆదోనిలో మేడమీది గదిలో ఈ క్లబ్బును మూసేద్దామని అందరం కూర్చున్న మధ్యాహ్నం గుర్తుకొచ్చింది.

క్లబ్బు పెట్టింది మా మేనమామ. బజారులో ఆయనకు స్టూడియో ఉండేది. దాని పైగదిలో ఆదివారాలు చేరేవాళ్ళం: పత్తి వ్యాపారులు, ఇద్దరు ముగ్గురు బడి అయ్యవార్లు, నేను. కెమెరాలు భుజాన వేసుకుని కొండెక్కి, కోటగోడ వెనక పొద్దు గూకడం తీసేవాళ్ళం. వారం వారం అదే గోడ, అదే పొద్దు. మనుషుల్ని తీయాలనీ ఆశ ఉండేది గాని, పత్తి చేలల్లో ఆడవాళ్ళు మమ్మల్ని చూడగానే కొంగు సర్దుకుని, రేషన్ కార్డు ఫోటోకు నిలబడ్డట్టు బిగుసుకుపోయేవారు. మామ మాత్రం ఎవరి ఫోటోనైనా ముందు మెచ్చుకుని, ఆ తర్వాతే తప్పు చెప్పేవాడు. మా అత్త బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పైకి తెచ్చేది. పళ్ళేలు పెడుతూ గోడకున్న ఫోటోలు ఒక్కొక్కటే చూసేది. అన్నీ చూశాకే కిందికి దిగేది.

మామ పోయాక గదిలో మనుషులు తగ్గి కుర్చీలు మిగిలాయి. మామ స్నేహితుడైన పత్తి వ్యాపారి ఒకాయన ఆ మధ్యాహ్నం నిట్టూర్చి, "ఇంగ సాలప్పా. కెమెరాలు యాదన్నా బడికిచ్చి తాళమేద్దాం" అన్నాడు. ఎవరూ కాదనలేదు. బజ్జీలు తెచ్చిన అత్త పళ్ళెం కింద పెట్టకుండానే అడిగింది.

"యాలప్పా మూసేది?"

"అందరి సేతుల్లో ఫోన్లే గదా వదినా. మనతో ఎవురికి పని?"

"ఫోటోలు తీసేవాళ్ళు ఊరంతా ఉండారు. ఒక్కరినన్నా ఈడికి రమ్మని పిలిసినారా?"

"ఫోన్‌తో తీసేది గూడా ఒక ఫోటోనేనా?"

"మీ అన్న మొదట డబ్బా కెమెరా పట్టుకున్నప్పుడు ఆయన్నీ ఇట్లే ఎగతాళి సేసినారంట. మీకు సాతగాకపోతే నాకియ్యండి. నేను నడిపిస్తా."

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. తాళంచెవి ఇచ్చేదాకా చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు.

కెమెరా పట్టడం ఆమెకు నేనే నేర్పాను. మొదట్లో ఆమె తీసినవాటిలో సగం మందికి తలకాయలుండేవి కావు. ఆమె బెదరలేదు. కనబడిన ప్రతి ఒక్కరినీ పిలిచింది. ఎమ్మిగనూరు నుంచి మగ్గాల ఇంటి కోడలొకామె, ఆలూరు నుంచి ఒక ఆటో డ్రైవరు, ఆస్పత్రి నర్సొకామె ఫోన్లు పట్టుకుని వచ్చారు. కుర్చీలు చాలక నేను మెట్లమీద కూర్చున్నాను. ఒకనాడు అందరం గోనెగండ్ల దగ్గర పత్తి చేలోకి వెళితే, అత్త కెమెరా సంచిలోనే ఉంచి, కూలివాళ్ళతో గట్టుమీద కూర్చుంది. అత్తల గురించి, కోడళ్ళ గురించి ఏవేవో చెప్పుకున్నారు. ఉన్నట్టుండి వాళ్ళంతా విరగబడి నవ్వారు. అప్పుడు తీసింది.

ఆ ఫోటో మంటపంలో ఎదురుగోడకు పెట్టాం. అందులోని ఆడవాళ్ళు షేర్ ఆటోలో వచ్చారు. ఒకామె దానిముందే నిలబడిపోయింది.

"ఇది నేనేనా? నేను ఇంత బాగ నవ్వుతానా?" అని, అత్త వైపు తిరిగి, "నా కొడుకు ఫోను ఉంది. నన్ను గూడా సేర్చుకుంటారా అమ్మా?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం రా. బజ్జీలు మాత్రం ఇప్పుడు మా క్లబ్బు మగోళ్ళే సేస్తాండారు, ఎట్లుంటాయో సెప్పలేను" అంది అత్త.

క్లబ్బు మూసేద్దామన్న పెద్దాయన పక్కనే ఉన్నాడు. ఆ ఫోటోను చూపిస్తూ, వచ్చినవాళ్ళందరికీ "మా వదిన తీసింది" అని చెప్పుకుంటున్నాడు. నాకంటే గట్టిగా చెబుతున్నాడని నాకు కొంచెం ఉడుకుబోత్తనం కూడా కలిగింది.

మామ పోయినప్పుడు మా కాలం అయిపోయిందనుకున్నాం. అప్పటికి మా అత్త కాలం ఇంకా మొదలే కాలేదు.