నీకేటి తెలుసురా గుంటడా

పోయిన వారం విశాఖపట్నంలో మా రిటైర్డ్ ఉద్యోగులంతా చేరి నాకు శాలువా కప్పారు. కొండల్లో పుట్టి జిల్లా ఆరోగ్య అధికారి దాకా ఎదిగి కూడా ఇంత ఒదిగి ఉండే మనిషిని తాను చూడలేదని మైకు ముందు ఒక పెద్దమనిషి అంటూ ఉంటే జనం చప్పట్లు కొట్టారు గానీ, ముందు వరుసలో కూర్చున్న నా మేనకోడలు మాత్రం తల దించుకుని కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. ఆ ఒదుగు నాకు పుట్టుకతో రాలేదని, అది నేర్చుకోవడానికి వాళ్ల అమ్మ ప్రాణం పోవలసి వచ్చిందని ఆ హాల్లో మా ఇద్దరికే తెలుసు. నా ఈడు వాళ్లతోనైనా చెప్పుకోకపోతే ఇక ఎవరితో చెప్పుకోను?

అనంతగిరి దాటి పైకి నడిస్తే వచ్చే చిన్న ఊరు మాది. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. వానలు పట్టి ఇంట్లో చోళ్లు, అంటే రాగులు, నిండుకుంటే మాకు మామిడి టెంకల అంబలే దిక్కు. వేసవిలో ఏరిన టెంకల్ని పొయ్యి పైనున్న అటక మీద పొగకు ఆరబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని దంచి, వగరు పోయేదాకా ఊరి పక్క పారే గెడ్డలో కడిగి కాచుకునే అంబలి అది. ఎంత కడిగినా నాలుక మీద కాస్త చేదు మిగిలే ఉండేది. అక్క అది తాను తాగి, ఉన్న కాసిని చోళ్లూ నాకు కాచి పోసి, ఆశ్రమ పాఠశాలలో చదివించింది. సెలవులకు వచ్చి నేను పుస్తకాల్లోని ముక్కలు గొప్పగా ఒప్పజెబుతుంటే, "నీకేటి తెలుసురా గుంటడా" అని నవ్వుతూ నెత్తిన ఒక మొట్టికాయ వేసేది.

ఆరోగ్య శాఖలో ఉద్యోగం వచ్చిన కొత్తలో నా కాలు నేల మీద నిలిచేది కాదు. అక్క మొట్టికాయలు మానేసి నన్ను బాబూ అని పిలవసాగింది. అది నాకు బాగానే ఉండేది, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఒక ఏడాది వానలకు ముందు, పక్క ఊళ్లో బూజు పట్టిన టెంకల అంబలి తాగి ఇద్దరు పోయారని, బూజు పట్టినవి పారేయమని అన్ని ఊళ్లలో చెప్పి రమ్మని మమ్మల్ని పంపారు. నేను మా ఊరి బడి అరుగు మీద బూట్లతో నిలబడి, అసలు టెంక అన్నదే విషమని, పశువులు ముట్టనిది మనుషులు తింటారా అని దులిపేశాను. పొగకు ఆరినవాటికి బూజు పట్టదు బాబూ అని ఒక ముసలాయన చెప్పబోతే, ఆయన నోరు మూయించాను. ఆడవాళ్ల మధ్య కూర్చున్న అక్క పెదవి కదిలింది, ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ సాయంత్రమే తన అటక మీది టెంకలన్నీ తట్టకెత్తి గెడ్డలో పారబోసిందట.

ఆ ఏడు వానలు ఆగలేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడ్డాయి, గెడ్డ పొంగింది, రేషన్ బండి పైకి రాలేదు. మిగతా ఇళ్లవాళ్లు నాకు తలూపి, టెంకలు మాత్రం దాచుకున్న తెలివైనవాళ్లు. వాళ్లు పెట్టబోతే అక్క తీసుకోలేదట. "నా తమ్ముడు అందరి ముందర సెప్పినాడు. నానే తింతే ఆడి మాటకి ఇలవేటుంటాది?" అందట. మిగిలిన చోళ్లు కూతురికీ బావకీ పోసి, తాను ఆకులూ దుంపలూ ఉడికించుకుని రోజులు నెట్టుకొచ్చింది. ఆ ఒంటికి జ్వరం తగిలితే ఇక తట్టుకోలేకపోయింది. విశాఖలో ట్రైనింగులో ఉన్న నేను కబురంది, బురదలో నడిచి కొండెక్కేసరికి అక్కను మట్టి చేసేశారు. తడిసి వచ్చాను కదా అని బావ పక్కింటి నుంచి ఇంత టెంకల అంబలి తెచ్చి నా ముందు పెట్టాడు. ఏడుస్తూ తాగాను.

ఆ తర్వాత కూడా బావ నన్ను దూరం పెట్టలేదు, అదే నాకు పెద్ద శిక్షా, పెద్ద దన్నూ అయింది. మేనకోడలికి ఊహ తెలిశాక జరిగినదంతా చెప్పి, నేను ఎప్పుడు గొప్పలకు పోయినా వాళ్లమ్మ మాట నాతో అనమని అడిగాను. ప్రతి ప్రమోషన్‌కీ ఆ మాట తినే ఇంట్లో అడుగుపెట్టేవాణ్ణి. మొన్న ఆటోలో తిరిగి వస్తూ, ఆ పెద్దమనిషి బాగానే మాట్లాడాడు కదా అని నేను అనగానే, "నీకేటి తెలుసు మావయ్యా" అని నా శాలువా మడత పెట్టింది.

ఇప్పుడు మా ఊరి దాకా తారు రోడ్డు వచ్చింది, బియ్యం ఇంటికే వస్తున్నాయి, మా పిల్లలకు టెంకల అంబలి రుచే తెలియదు. తెలియకపోవడమే మంచిది. నీకేటి తెలుసురా అన్న ఆ మాట అక్క ఆ రోజు, బడి అరుగు ముందు, ఊరంతా వింటుండగా అని ఉంటే నా పరువు పోయేది. అక్క మిగిలేది.