తిప్పన్న టిప్పరు ఖాళీ తూకం

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతులో ముల్లులా ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

గనులు జోరు మీదున్న రోజులు. యశ్వంతనగర్ దగ్గర ఒక ఇనుప ఖనిజం గనిలో టిప్పర్లను తూచే ప్రోగ్రాము రాశాను. దాన్ని కంప్యూటరే పరీక్షించే ఏర్పాటూ నాదే. ఒక్క కమాండు కొడితే, ప్రోగ్రాము ఇచ్చిన తూకాన్ని కాన్ఫిగ్ ఫైల్లో నేను ముందే రాసిపెట్టిన సరైన జవాబుతో పోల్చి పాసో ఫెయిలో చెప్పేది. తేదీ రోజూ మారుతుంది కదా, అందుకని జవాబులో తేదీ ఉండేచోట ఆ రోజు తేదీ దానంతటదే పడేలా చేశాను. అంతవరకు తప్పు లేదు.

వానాకాలంలో ఎర్రమట్టి టిప్పర్ల అడుగున గారలా పట్టేస్తుంది. ఖాళీ బండి బరువు పెరుగుతుంది. అందుకే ప్రతి ట్రిప్పుకూ ఖాళీ బండిని మళ్లీ తూచి, నిండు బండి బరువులోంచి దాన్ని తీసేయాలి, మిగిలిందే ఖనిజం. నా ప్రోగ్రాము కొత్త తూకాన్ని వదిలేసి పాతదే తీసుకుంటోంది. ఆ పరీక్ష ఫెయిలైంది. మర్నాడే అప్పగించాలి. నేనేం చేశాను? తేదీకి చేసినట్టే తూకానికీ చేశాను. సరైన అంకె చెరిపేసి, ప్రోగ్రాము ఏది ఇస్తే అదే సరైన జవాబుగా పడేలా మార్చాను. పరీక్ష రాసినవాడి చేతికే పేపరు దిద్దమని ఇచ్చినట్టు. పాసైంది. తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పుడు అదీ నమ్మకంగా చెప్పలేను.

ఎమ్మిగనూరు తిప్పన్న ఆ గనిలో డ్రైవరు. వానలు పడ్డాక, అందరికంటే ఎక్కువగా అతని బండికి పట్టిన మట్టి బరువంతా మా తూకంలో ఖనిజమైపోయింది. దించే యార్డులో నిండు బండినీ ఖాళీ బండినీ వాళ్లే తూస్తారు కనక అక్కడ తక్కువ వచ్చింది. దారిలో అమ్ముకున్నాడన్నారు. మేనేజరు అతన్ని నా గదికి తీసుకొచ్చాడు.

"సార్, నేను యాడా బండి నిలపలేదు. అడుగున మట్టి ఎంత పట్టుకోనుండాదో స్వల్ప వచ్చి చూడండి. మిషన్ తప్పు చూపిస్తాండాదేమో."

ఆ క్షణంలోనే నాకు అంతా అర్థమైంది.

"అన్ని పరీక్షలూ పాసైన మిషనప్పా అది," అన్నాను.

తాళంచెవులు లాక్కున్నారు. ఆ వారంలోనే నేను ప్రోగ్రామును గుట్టుగా సరిచేశాను. తిప్పన్నకు మాత్రం మళ్లీ ఎవరూ బండి ఇవ్వలేదు. చెరుకు కోతలకు కూలికి పోయేవాడట. కొన్నేళ్లకు చనిపోయాడని టీ అంగడిలో ఎవరో అంటుంటే విన్నాను. "ఎవరు, ఆ దొంగ తిప్పన్నా?" అన్నాడు పక్కాయన. నేను టీ తాగేసి లేచి వచ్చేశాను.

భయమా? అప్పటికే ఆ గని మూతపడింది. నిజం చెప్పినా నాకు పోయేదేమీ లేదు. అయినా నోరు పెగల్లేదు. అందుకే క్షమించమని అడగను, అడిగే ముఖం లేదు.

తిప్పన్న దొంగ కాదు. తప్పు నాది. రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.