తెరవకూడని కవరు

పందొమ్మిదేళ్ళు మా కమ్యూనిటీ కాలేజీ రికార్డుల కిటికీ వెనక కూర్చున్నాను. ఐవా, అంటే నేను, నవ్వగా చూసినవాడు లేడని పిల్లలు చెప్పుకునేవారు. నిజమే. ఫారం సగం నింపి నా ముఖాన పడేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. వెర్నా స్టంబో మాత్రం ఆరేళ్ళలో ఒక్క గడి ఖాళీ వదల్లేదు.

వెర్నా స్కూలు బస్సు డ్రైవరు. పొద్దున పిల్లల్ని దింపి, మధ్యాహ్నం మళ్ళీ ఎక్కించుకునేలోపు మా దగ్గర క్లాసులు. నలభై నాలుగేళ్ళ మనిషి, పద్దెనిమిదేళ్ళ వాళ్ళ మధ్య ముందు వరసలో కూర్చునేది. ఆమె బస్సులో ఒక చెవిటి పిల్ల ఉండేది, డ్రైవరు సీటు వెనకే దాని చోటు. ఆ పిల్ల వేళ్ళతో చెప్పే మాటలు నేర్చుకోవడంతో మొదలైంది వెర్నా చదువు. అలాంటి పిల్లలకు టీచరునవుతానని పట్టుబట్టింది. మా దగ్గర ఉన్నది రెండేళ్ళ చదువే, బస్సు తోలుతూ దాన్ని ఆరేళ్ళలో పూర్తి చేసింది. మిగతా రెండేళ్ళ కోర్సు నదికి అవతల, ఒహాయో వైపున్న ప్రభుత్వ యూనివర్సిటీలో ఉంది. మా కాలేజీ మెట్ల మీద నిలబడితే దాని గడియారం కనబడుతుంది. అయినా అది పరాయి రాష్ట్రం. మా వెస్ట్ వర్జీనియా వాళ్ళ మాట అక్కడ చెల్లదు, కాగితం కావాలి.

ఆమె తండ్రి హోబర్ట్ బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషి. సంతకం పెట్టడం తప్ప చదవడం, రాయడం రాదు. కూతురి చదువు గురించి ఆయన అభిప్రాయం ఊరందరికీ తెలుసు. “స్టీరింగు తిప్పడానికి ఇంకెన్ని పుస్తకాలు కావాలే నీకు?” అని పెట్రోలు బంకు దగ్గర పదిమందిలో అడిగేవాడు. ఆమె నవ్వేసి ఊరుకునేది. ఇంటికెళ్ళి ఏడ్చేదని నాకు తర్వాత తెలిసింది.

మేమిచ్చే మార్కుల జాబితా మూసిన కవరులో వెళ్ళాలి. కవరు మూత మీదుగా రిజిస్ట్రారు సంతకం, దాని మీద కాలేజీ ముద్ర. మధ్యలో ఎవరు తెరిచినా అది చిత్తుకాగితంతో సమానం. ఆ ముక్క కవరు మీదే ఎర్రక్షరాలతో అచ్చేసి ఉంటుంది. వెర్నా శుక్రవారం దాన్ని తీసుకెళ్ళింది. గడువు సోమవారం సాయంత్రం అయిదు గంటలు. ఆ రోజు మా రాష్ట్రంలో ఏటా జింకల వేటకు అనుమతి మొదలయ్యే రోజు కనుక స్కూళ్ళకు సెలవు, బస్సు ఉండదు, తనే వెళ్ళి చేతికిస్తానంది.

సోమవారం ఎనిమిదికి వచ్చి ఆ కవరు నా ముందు పెట్టింది. పై అంచు జేబుకత్తితో నున్నగా కోసి ఉంది.

“ఎవరే ఇది కోసింది?” అన్నాను.

“మా నాన్న.”

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చిలో అందరి భోజనాలూ జరుగుతున్నాయట. హోబర్ట్ కోటు లోపల్నుంచి ఈ కవరు తీసి, కోసి, పాస్టరు చేతికిచ్చి పైకి చదవమన్నాడట. పాస్టరు అద్దాలు ఇంట్లో మరిచొచ్చిన మనిషి, ఎర్రక్షరాలు ఆయనకూ ఆనలేదు. కాగితం చేతులు చాచి పట్టుకుని ఒక్కో సబ్జెక్టూ, ఒక్కో మార్కూ చదివాడు. ప్రతి మార్కుకీ ఆమెన్ అన్నారట జనం. వంటగదిలో గిన్నెలు తోముతున్న వెర్నా చేతులు తుడుచుకుని వచ్చేసరికే కవరు తెగి ఉంది.

“ఆపమనడానికి నోరు రాలేదక్కా. నాన్న ముఖం చూశాను. అలా వెలిగిపోయిన ముఖం నా జన్మలో చూళ్ళేదు.”

నేను మాత్రం ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే కొత్త జాబితా పది నిమిషాల్లో తీశాను. కావలసింది సంతకం. రిజిస్ట్రారు క్లెండెనిన్ అడవిలో ఉన్నాడు, ఊళ్ళో సగంమంది మగాళ్ళలాగే. ఆయన సంతకం ఆయనకంటే నాకే బాగా వచ్చు. కలం చేతిలోకి తీసుకున్నాను కూడా.

“వద్దక్కా,” అంది వెర్నా. “ఒకసారి చెడింది చాలు. ఈసారైనా శుభ్రంగా వెళ్ళనీ.”

సిగ్గేసింది నాకు. కిటికీ మూసేసి, రోకలంత బరువున్న కాలేజీ ముద్ర నొక్కే యంత్రం ఒళ్ళో పెట్టుకుని ఆమె కారెక్కాను. బస్సు తోలే మనిషికి తెలియని మట్టిరోడ్డు మా కౌంటీలో లేదు. అయినా మూడు లోయలు తిరిగితే గాని ఆయన ట్రక్కు కనబడలేదు. తుపాకీ పట్టుకున్నవాడి దగ్గరికి అరుస్తూ వెళ్ళకూడదు, చప్పుడు లేకుండా అసలు వెళ్ళకూడదు. హారన్ ఒక్కసారి నొక్కి నిలబడ్డాం. చెట్టు మీది మంచె దిగి వచ్చాడు, ముఖం ఎర్రగా చేసుకుని.

“ఈ ఒక్క పొద్దున మా ఆవిడ కూడా నన్ను పిలవదు, ఐవా,” అన్నాడు గొంతు తగ్గించి.

జరిగింది చెప్పాను. ఆయన వెర్నా వైపు తిరిగాడు. “చర్చిలో చదివించాడా? మన హోబర్టేనా?” అని రెండుసార్లు అడిగాడు. జేబులోంచి కలం తీశాడు. చలికి సిరా గడ్డకట్టింది. కలాన్ని చంకలో పెట్టుకుని వెచ్చజేసి, ట్రక్కు బానెట్ మీద కవరు పరిచి సంతకం చేశాడు. నేను ముద్ర నొక్కాను.

నదికి అవతల వేట మొదలవడానికి ఇంకా వారం ఉంది. వాళ్ళకది మామూలు సోమవారం. యూనివర్సిటీ కిటికీ దగ్గరున్న అమ్మాయి కవరు చించి, ఆ సంతకం వంక చూడకుండానే చెత్తబుట్టలో వేసింది. కాగితాన్ని దొంతరలో పడేసింది. లాగి ఒకటివ్వాలనిపించింది నాకు. పందొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నదీ అదేనని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

తను చేసింది ఎంత పనో, ఊళ్ళో విన్న పాస్టరు ఆ సోమవారం మధ్యాహ్నమే హోబర్టుకు చెప్పాడట. మేం వాళ్ళింటికి వెళ్ళేసరికి హోబర్ట్ వంటగదిలో కూర్చుని ఉన్నాడు, ముందు పెట్టిన మొక్కజొన్నరొట్టె ముట్టలేదు. కాగితం సమయానికి అందిందని వెర్నా చెబితే తలూపాడు. తర్వాత ఒకటే అడిగాడు, అక్కడ పైకి చదివారా అని. లేదు నాన్నా అందామె.

డిసెంబరు మూడోవారంలో వెర్నా ఫోన్ చేసింది. యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది, విప్పలేదు, రమ్మంది. వెళ్ళాను. వెర్నా ఆ కవరు తీసుకెళ్ళి తండ్రి ముందు పెట్టింది.

“తెరువు నాన్నా.”

ఆయన చేతులు బల్ల కిందకి లాక్కున్నాడు. “నేను ముట్టుకోనమ్మాయ్. చెడిపోద్ది.”

“ఇది చెడేది కాదు. తెరవడానికే పంపారు.”

హోబర్ట్ జేబుకత్తి తీసి ప్యాంటుకు తుడిచి, మెల్లగా, చాలా మెల్లగా కోశాడు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికిచ్చాడు.

“నువ్వు చదువు. నిలబడి చదువు.”

నిలబడ్డాను. సీటు ఇస్తున్నామని రాసి ఉంది. మా కాలేజీలో ఆమె చదివిన సబ్జెక్టులన్నీ, ఒక్కటీ తీసేయకుండా, లెక్కలోకి తీసుకున్నామని రాసి ఉంది. చివరిదాకా చదివాను. వెర్నా కిటికీ వైపు తిరిగి నిలబడింది.

“మళ్ళీ చదువు,” అన్నాడు హోబర్ట్. “దాని పేరు దగ్గర్నుంచి.”

మళ్ళీ మొదలుపెట్టాను.