నాలుగో పాదం

ఓర్వకల్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన ప్రమీలమ్మ, పద్యనాటకం కిరీటాలకూ గదలకూ మాత్రమే కాదని పంతం పట్టి, బోర్లు వేసి వేసి చితికిపోయిన ఓ రైతు కథను పద్యాల్లో రాసింది. రైతు నేలతల్లికి మొరపెట్టుకునే ఆటవెలది మాత్రం మూడు పాదాల దగ్గరే ఆగిపోయింది. రెండు నెలలైనా నాలుగోది కుదరలేదు.

ఎర్రగుంట్లలో లారీ నడిపే ఓబుళేశుది రైతు వేషం. ఒక మధ్యాహ్నం ఇద్దరూ ఓర్వకల్లు బయట రాతిగుట్టల్లో సాధనకు కూర్చున్నారు. అతను మూడు పాదాలూ రాగం తీసి ఆపాడు. గుట్టలు ఆ మూడింటినీ తిరిగి పలికి, ఆగకుండా ఇంకొకటి అందుకున్నాయి.

“నీరులేని బావి నేనె తల్లి.”

ఓబుళేశు సంబరంగా వెనక్కి తిరిగాడు. “నాలుగోది ఎప్పుడు రాసినారు మేడమ్? శానా బాగుండాది.”

“నేను నోరే తెరవలేదప్పా.”

అతని ముఖం పాలిపోయింది. ప్రమీలమ్మ వేళ్ల మీద గణాలు లెక్కపెట్టింది. యతి కూడా తప్పలేదు. కాదనలేక ఆ పాదాన్నే రాసుకుంది.

కర్నూలు ప్రదర్శనలో ఆ పద్యానికి జనం “వన్స్‌మోర్” అని కేకలు పెట్టారు. హార్మోనియం శ్రుతి అందించింది. ఓబుళేశు నోరు విప్పలేదు. మళ్లీ పాడితే ఎవరు గొంతు కలుపుతారోనని అతని భయం. తెర పక్కన నిలబడ్డ ప్రమీలమ్మ కూడా పాడమని సైగ చెయ్యలేదు.