ఎడమ పక్క తలుపు

ఎవరైనా కారు తలుపు వేస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. వేసినవాళ్ల మీద కాదు, నా మీద. పాతికేళ్లకు పైగా ఇది మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డాక బెజవాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాణ్ణి. ఆబిడ్స్‌లో ఒక కార్ల షోరూములో సేల్స్‌మన్‌గా చేశాను. కంపెనీ పేరు చెప్పను. జనం కోరుకునే కార్లు అప్పట్లో రెండే. వాటికోసం పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. మాది మూడోది. అడిగిన వారంలో ఇచ్చేసేవాళ్లం, ఎందుకంటే అడిగేవాళ్లే లేరు. చూపులకు మాత్రం మా బండే బాగుండేది. ఇది జరిగిన ఏడు కంపెనీవాళ్లు ముందు గ్రిల్లు మార్చారు, దీపాలు మార్చారు, పక్కల మెరిసే పట్టీ వేశారు. తలుపు లాకు మాత్రం అదే. ఇంత ముస్తాబు చేసినవాళ్లకు ఒక్క లాకు బాగుచేయడానికి ఏం రోగం?

పోటీ బండి తలుపు ఒక్క తోపుకు పడేది. మాది రేకు డబ్బా మోత మోగేది. కొంచెం పైకెత్తి నొక్కితేనే పడేది. ఆ కిటుకు నాకు బాగా తెలుసు. అందుకే కొనేవాళ్లను తలుపు ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు. నేనే తీసేవాణ్ణి, నేనే వేసేవాణ్ణి. ఎంత మర్యాదస్తుడో అనుకునేవారు. ఆ మర్యాద తలచుకుంటే ఇప్పుడు అసహ్యం వేస్తుంది.

హిమాయత్‌నగర్ నుంచి ఒక లెక్చరర్ గారు వచ్చారు. మీ బండి ఆ రెండింటికీ సరితూగుతుందా, నిజం చెప్పండి అని అడిగారు. అందంలోనే కాదు, గట్టితనంలో కూడా ఒక మెట్టు పైనేనన్నాను. నమ్మారు. బండి ఇచ్చే రోజు పొద్దున్నే నాంపల్లిలోని మా సర్వీసు షెడ్డుకు వెళ్లాను. అక్కడి మెకానిక్ మల్లేశం నాకంటే పదేళ్లు పెద్ద.

"సార్, ఎడమ పక్క తలుపు లాకు పడ్తలేదు. పడ్డట్టే కనిపిస్తది, కుదుపొస్తే తెర్సుకుంటది. కంపెనీకెల్లి వేరే లాకు తెప్పియున్రి. గప్పటిదాంక బండి ఇయ్యకున్రి."

"ముహూర్తం పెట్టుకుని వస్తున్నారు మల్లేశం. ఇవాళ ఆపితే రేపు పోటీవాడి దగ్గరికి పోతారు. ఎత్తి నొక్కు, పడుతుంది."

"నేను చెప్పేది చెప్పిన సార్."

కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. లెక్చరర్ గారి భార్యను ఎడమ పక్క కూర్చోబెట్టి ఆ తలుపు నా చేత్తోనే వేశాను. ఎత్తి నొక్కి. ఆవిడ నవ్వి, థాంక్సండీ అన్నారు.

నెల తిరక్కుండానే లక్డీకాపూల్ మలుపులో తలుపు తెరుచుకుంది. ఆవిడ రోడ్డు మీద పడ్డారు. మోచెయ్యి విరిగింది. ఆ చెయ్యి మళ్లీ తిన్నగా రాలేదని విన్నాను.

కంపెనీ నుంచి ఒక అధికారి వచ్చాడు. లాకు వంక కూడా చూడలేదు. తప్పు ఎవరిదని అడిగాడు. కంపెనీది కాకూడదని ఆ అడగడంలోనే ఉంది. మల్లేశం నీతో ఏమైనా చెప్పాడా అని మా యజమాని అందరి ముందూ నన్ను అడిగాడు. చెప్పలేదన్నాను.

మల్లేశం అరవలేదు. నా వైపు తిరిగి, "జర గుర్తు చేసుకోన్రి సార్" అన్నాడు.

నేను మరిచిపోయాననుకున్నాడు. అబద్ధమాడతానని అతనికి తట్టనే లేదు. నేనేం చేశానో తెలుసా? గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు నేల చూసి, లేదన్నాను.

ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు. తలుపు సరిచూడకుండా వదిలేసినవాడని పేరు పడ్డాక ఊళ్లో ఏ షెడ్డువాళ్లూ పెట్టుకోలేదు. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల మనిషి. రెండేళ్ల తర్వాత అఫ్జల్‌గంజ్‌లో సైకిళ్లకు పంక్చర్లు వేస్తూ కనిపించాడు. నేను రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయాను. ఆ అబద్ధం ఎందుకు ఆడాను? పిల్లలున్నారని, ఉద్యోగం పోతుందని సర్దిచెప్పుకున్నాను. అతనికి పిల్లలు లేరా? నాకంటే ఇద్దరు ఎక్కువే ఉన్నారు. అది నాకు అప్పుడూ తెలుసు.

చాలా ఏళ్లు కంపెనీని తిట్టుకుంటూ గడిపాను. తిట్టాల్సిందే. పైన మెరిపించి లోపల కుళ్లు అమ్మినవాళ్లు. కానీ లాకు వాళ్లదైనా నోరు నాది. ఆ నోటిని ఎవరూ పట్టుకుని తిప్పలేదు.

పోయిన నెల అఫ్జల్‌గంజ్ వెళ్లి అతని గురించి అడిగాను. మల్లేశం పోయి ఆరేళ్లయిందన్నారు. క్షమించమని అడగడానికి వెళ్లాననుకోకండి, అంత మొహం నాకు లేదు. అతను అడిగినదానికి జవాబు చెప్పడానికి వెళ్లాను. వినాల్సినవాడు లేడు. అందుకే మీరు వినండి.

గుర్తుంది. ఎడమ పక్క తలుపు. లాకు పడటం లేదని, బండి ఇవ్వొద్దని చెప్పాడు. నాతోనే చెప్పాడు.