మా ఇంటి సెలక్షన్ కమిటీ, మా ఆయన మోకాలు

ఆదివారం పొద్దున పూరీలు వేగే వేళకి మా ఇంట్లో సెలక్షన్ కమిటీ సమావేశమవుతుంది. సభ్యులు ఇద్దరే. ఒకరు మా నాన్న, ఇంకొకరు మా మామగారు. ఇద్దరిలో ఎవరూ జీవితంలో హాకీ కర్ర పట్టిన పాపాన పోలేదు. అయినా మా టీములో వచ్చే ఏడాది ఎవరుండాలి, ఆ పై ఏడాది ఎవరుండాలి, ఇప్పుడు పదో తరగతి చదివే పిల్లాడు ఎప్పటికి రైట్ వింగుకి పనికొస్తాడు అన్నది వీళ్ళే తేల్చాలి. వీళ్ళు తేల్చేదాకా నేను పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు.

మా నాన్న గోదావరి జిల్లా నుంచి ఇక్కడి సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చి, టౌన్‌షిప్ గ్రౌండు పక్క క్వార్టర్లో దిగి, కిటికీలోంచి హాకీ చూసి చూసి చెడిపోయారు. మా మామగారిది ఈ పక్కనే ఉన్న ఇంద్రేశం ఊరు. పొలం ప్లాట్లయ్యాక చేతిలో పనిలేక, కొడుకు ఆడుతున్నాడని చూడ్డానికి వచ్చి ఆయనా చెడిపోయారు. వియ్యంకులన్నాక మర్యాదలూ అలకలూ ఉంటాయని విన్నాను. వీళ్ళకి వాటికి తీరికేదీ? నా అప్పగింతలప్పుడు మా నాన్న కళ్ళు తుడుచుకుంటూ మామగారి చేతులు పట్టుకుంటే, నా కూతుర్ని బాగా చూసుకోండి అంటారనుకున్నాను. సెంటర్ హాఫ్‌ని మార్చాల్సిందే బావగారూ అన్నారు.

మా టీము అంటే గొప్పదేం కాదు. ఈ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు కలిసి కట్టుకున్నది. ఆదివారాలు ఆడతారు, చలికాలంలో ఒక టోర్నమెంటు ఆడి ఓడిపోతారు. ఇక్కడ కుర్రాళ్ళ భవిష్యత్తు వాళ్ళ ఆటని బట్టి ఉండదు, షిఫ్టుని బట్టి ఉంటుంది.

"ఆ బేరింగుల కంపెనీ కుర్రాణ్ణి ముందుకి తేవాలి బావగారూ. ఏం పరుగండీ అది!" అన్నారు నాన్న ఆ ఆదివారం.

"ఉరుకుడు మంచిగనే ఉరుకుతడు. బాల్ యాడున్నదో సూస్కోకుంట ఉరుకుతడు. మొన్న గట్లనే గేటు దాంక పోయిండు," అన్నారు మామగారు.

"మరి డిప్లొమా ట్రైనీ?"

"వానికి వీక్లీ ఆఫ్ మంగళారం. వాని కోసమని టోర్నమెంట్ మంగళారం పెడ్తరా?"

ఇలా ఒక్కొక్కరినీ ఉతికి ఆరేశాక చివరికి గోల్‌కీపర్ దగ్గరికి వస్తారు. గోల్‌కీపర్ మా ఆయన. ఆయన వాళ్ళ మధ్యనే కూర్చుని పూరీ తింటుంటారు. ఆయన లేనట్టే వాళ్ళు ఆయన గురించి మాట్లాడుకుంటారు.

"అల్లుడుగారి తర్వాత ఎవరండీ? అది చూడాలి ముందు."

"తర్వాత ఏంది, ఇప్పుడే కావాలె. మొన్న కింద కూసుంటే లేవనీకి ఇద్దరు పట్టుకున్నరు."

మా ఆయన ఇంకో పూరీ వడ్డించుకుంటారు.

ఆ మాట అబద్ధం కాదు. ఆయన టర్నర్. వారమంతా ఇనుము చెక్కే లేత్ మెషీను ముందు సిమెంటు గచ్చు మీద నిలబడతారు, ఆదివారం గోలు ముందు నిలబడతారు. మోకాలు ఎప్పుడో చేతులెత్తేసింది. ఆట మానేయమని డాక్టరు చెప్పాడు, నేను చెప్పాను, మెట్లెక్కుతుంటే మోకాలే కటకటమని చెప్పింది. ఆయన ఎవరి మాటా వినలేదు. ఆట అయ్యాక చెమట ప్యాడ్లు తెచ్చి మేడ మీద ఆరేస్తారు. ఆ వాసనకి పక్కింటావిడ వడియాలు పెట్టుకోవడం మానేసింది. నాకైతే ఒకటే కోరిక. ఈయన ఆ గోలు ముందునుంచి పక్కకి రావాలి. ఆ కాలితో ఇంకా చాలా ఏళ్ళు నడవాల్సిన మనిషి.

అందుకని కమిటీ వేట మొదలుపెట్టినప్పుడు నేను అడ్డు చెప్పలేదు. వాళ్ళ వేటకో పద్ధతుంది. చాలా ఏళ్ళ కిందట పక్క ఊరు చిట్కుల్‌లో కిరాయి గదిలో ఉంటూ ఫ్యాక్టరీలో పనిచేసిన ఒడిశా కుర్రాడొకడు మా టీముకి ఫార్వర్డ్‌గా ఆడాడు. అతను ఆడుతుంటే వేరే టీమువాళ్ళు ఆట ఆపి చూసేవారు. పెళ్ళని ఊరెళ్ళాడు, మళ్ళీ రాలేదు. అప్పట్నుంచి కమిటీ దృష్టిలో ఒడిశాలో పుట్టిన ప్రతివాడూ కర్రతోనే పుడతాడు. సెక్యూరిటీ గార్డుల్ని, సెంట్రింగు పనివాళ్ళని, ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళని, ఎవరినీ వదల్లేదు. పానీపూరీ బండి అతను తనది బీహారని మొత్తుకుంటే, పక్కనే కదా అన్నారు మా నాన్న.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేం పై పోర్షన్ కట్టుకుంటున్నాం. టైల్స్ వేయడానికి ఒక మేస్త్రీ వచ్చాడు. పాతికేళ్ళుంటాయి, ఒడిశా. పని చూడ్డానికని మేడెక్కిన మా మామగారు దిగివచ్చినప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది.

"బావగారూ, జల్దీ రాండ్రి. గీ పోరడు కూసునే తీరు సూడున్రి."

ఇద్దరూ గుమ్మంలో నిలబడి చూశారు. ఆ అబ్బాయి గొంతుక్కూర్చుని టైలు వేస్తున్నాడు. ఒకటి వేయడం, సుత్తితో తట్టడం, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి జరగడం. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అలాగే జరిగాడు, ఒక్కసారి లేవలేదు, మోకాలి మీద చెయ్యి వేయలేదు. మా నాన్న గుండె మీద చెయ్యి వేసుకున్నారు. గోల్‌కీపర్ అంటే ఇలా జరగాలి అన్నారు.

"ఏ ఊరు బేటా? ఒరిస్సానా? హాకీ ఆడ్తవా?" అని అడిగారు మామగారు.

"హా, ఆడతా సాబ్," అన్నాడు ఆ అబ్బాయి.

ఇంటివాళ్ళు మేస్త్రీని ఏమడిగినా అవుననే అంటాడన్న సంగతి ఇల్లు కట్టుకున్న ఎవరికైనా తెలుసు. రేపటికి అయిపోతుందా? అయిపోతుంది. వాలు సరిగ్గా వచ్చిందా? వచ్చింది. బాత్రూములో నీళ్ళు తలుపు వైపు పారుతున్నా వచ్చింది. కమిటీ ఆ జవాబుని నమ్మింది. పైగా నాలుగు ఊళ్ళు తిరిగి చాటింది.

గోలు కాయడం అంటే ప్యాడ్లు, హెల్మెట్ కావాలి. అవి ఉన్నది మా ఆయన దగ్గరే. కాబట్టి తన చోటుకి వచ్చినవాడికి ఆయనే నేర్పాలి. మొదటిరోజు పొద్దున ఆ అబ్బాయిని గ్రౌండుకి తీసుకెళ్ళి వచ్చారు.

"ఎలా ఉన్నాడండీ?" అన్నాను.

"నేర్చుకుంటడు," అన్నారు. కాలు చాపుకుని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

నా ఉద్యోగం మందుల కంపెనీలో క్వాలిటీ చూడటం. పొద్దస్తమానం ఎక్కడ తేడా ఉందో వెతకడమే పని. పేపరు తిరగేసి పట్టుకోలేదు గానీ, ఆ గొంతులో తేడా ఉంది. టీ తీసుకుని పైకెళ్ళి మేస్త్రీనే అడిగాను.

"దీదీ, నేను హాకీ ఎప్పుడూ ఆడలే," అన్నాడు తల దించుకుని. "మాది సముద్రం పక్కన. మా నాన్న చేపలు పడతాడు. సాబ్ అడిగిండు, నేను హా అన్నా. భయ్యాకి ఫస్ట్ మినట్‌లోనే తెలిసిపోయింది. కర్ర ఉల్టా పట్టినా కదా."

"మరి ఏమన్నారు?"

"ఏం అనలే. సీదా చేసి ఇచ్చిండు."

కిందికొచ్చి మా ఆయన్ని నిలదీశాను. ఆ అబ్బాయికి రాదని మీ నాన్నకి ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎట్ల చెప్పాలె?" అన్నారు. "నేను చెప్తే, గోలు ఇడువబుద్ధి గాక చెప్తుండు అంటరు. ఇంకోడు ఎవడన్న చెప్తే బాగుండు."

ఆ ఇంకొకరు నేను కావచ్చు. కానీ నేను నోరు మూసుకున్నాను. నాకు కావాల్సింది మోకాలు. టీము సంగతి టీము చూసుకుంటుంది. ఆ తర్వాత మా ఆయన రోజూ పొద్దున్నే డ్యూటీకి ముందు ఆ అబ్బాయిని మా వెనక ఖాళీ ప్లాటులో నిలబెట్టి బంతులు వేశారు. ఆ అబ్బాయి మంచివాడు, కష్టపడ్డాడు. బంతి వస్తే కళ్ళు మూసుకోవడం ఒక్కటే మానలేకపోయాడు.

టోర్నమెంటు మొదటి మ్యాచ్‌కి అందరం వెళ్ళాం. కమిటీ సిమెంటు బెంచీ మీద కూర్చుని చుట్టూ ఉన్నవాళ్ళకి తమ ఆణిముత్యాన్ని పరిచయం చేసింది. మా ఆయన గోలు వెనక నిలబడ్డారు. చేతులు జేబుల్లో పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

మొదటి బంతి గాల్లో లేచి వచ్చింది. ఆ అబ్బాయి కర్ర వదిలేసి, పైనుంచి అందించిన టైలు అందుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని, జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. మా నాన్న చప్పట్లు కొట్టారు. అంపైరు విజిలేశాడు. హాకీలో గోల్‌కీపర్ బంతిని ఆపొచ్చు గానీ పట్టుకోకూడదట. పెనాల్టీ కార్నర్ ఇచ్చాడు, అవతలివాళ్ళు గోలు కొట్టారు. తర్వాత అతను గొంతుక్కూర్చుని ఆడటం మొదలుపెట్టాడు. బంతులు తల మీదుగా వెళ్ళాయి. కమిటీ మాత్రం జరిగే తీరు చూడండి, జరిగే తీరు చూడండి అంటూనే ఉంది. ఎన్ని గోల్సయ్యాయో లెక్కపెట్టడం నేను మానేశాను.

ఆట సగంలో ఆపినప్పుడు ఆ అబ్బాయి నేరుగా మా ఆయన దగ్గరికి వచ్చి ప్యాడ్లు విప్పేశాడు.

"భయ్యా, నాతో అయితలేదు. మీరు ఆడండి."

అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన కళ్ళలో వచ్చిన మెరుపు నేను చూశాను. పెళ్ళిచూపుల్లో కూడా ఆ మెరుపు లేదు. గబగబా ప్యాడు తీసుకుని, బెల్టు కట్టుకోవడానికి కింద కూర్చున్నారు. మరి లేవలేకపోయారు. నేల మీద చెయ్యి ఆనించి ఒకసారి ప్రయత్నించారు, ఇంకోసారి ప్రయత్నించారు. నేను వెళ్ళబోతే వద్దన్నట్టు చూశారు. తర్వాత అలా కూర్చునే బెల్టు విప్పారు.

"నాతోని కాదు నాయినా. నాది అయిపోయింది," అన్నారు మామగారితో.

ఆ మాట కోసం నేను ఎన్నో ఏళ్ళుగా కాచుకుని ఉన్నాను. అది వినగానే నాకు ఏడుపొచ్చింది. ఇంకొక్క ఏడాది ఆడండి అని అరవాలనిపించింది. కనీసం వాళ్ళయినా కాదంటారని చూశాను. అన్నింటికీ ఒంటికాలి మీద లేచే ఆ ఇద్దరూ దీనికి మాత్రం వాదించలేదు.

"సరే తీయ్ బిడ్డా," అన్నారు మామగారు.

"అంతేలెండి అల్లుడుగారూ, విశ్రాంతి తీసుకోండి," అన్నారు మా నాన్న.

ప్యాడ్లు ఎవరో డిఫెండర్‌కి తొడిగారు. మ్యాచ్ ఓడిపోయాం.

ఇంటికి వచ్చేటప్పుడు కారు నేను నడిపాను. మా ఆయన పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. హైవే ఎక్కామో లేదో వెనక సీట్లో కమిటీ సమావేశమైంది.

"ఆ కొత్త అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఉన్నాడు చూశారూ? మంచి పొడగరి. ఒడిశానేనట," అన్నారు నాన్న.

"పొడుగు కాదు బావగారూ, నడుం సూడాలె. నడుం వంగుతదా అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. సర్వీసు రోడ్డులో లారీలు తూచే వే బ్రిడ్జి ముందు కారు ఆపేశాను. వెనకాల లారీ హారన్ కొట్టినా పట్టించుకోలేదు.

"నాన్నా, మామయ్యా, ఇద్దరూ వినండి. ఈయన ఇన్నేళ్ళు మీ కళ్ళ ముందు ఆ గోలు కాశారు. ఇవాళ అయిపోయిందన్నారు. ఆయన గురించి ఒక్క మాట చెప్పండి. చెప్పాక మీ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళండి. లేకపోతే ఇక్కడే దిగి ఆటో ఎక్కండి."

మా ఆయన, ఎందుకే ఇదంతా, అని గొణిగారు. మా నాన్న ముందు సీటు మీదికి వంగారు.

"ఆ వానలో ఆడిన ఫైనల్ గుర్తుందా బావగారూ? ఆఖర్న పెనాల్టీ స్ట్రోక్. అల్లుడుగారు కుడికాలు చాపి ఆపారు. నేను ఆ రాత్రి అన్నం తినలేకపోయాను, సంతోషంతో."

"కుడికాలా? ఎడమకాలు!" అన్నారు మామగారు.

"కుడికాలేనండీ. నేను గోలు వెనకే ఉన్నాను."

"నేను పక్కపొంటి ఉన్న. బురదల ఎడమకాలు గిట్ల సాపిండు. నా కొడుకు కాలు నాకు ఎరుక లేదా?"

గొంతులు పెరిగాయి. మా నాన్న సీటు మీద కొట్టి మరీ చెప్పారు. మామగారు కారులోనే ఎడమకాలు చాపి చూపించబోయారు. ఆయన చెప్పు ఊడి ముందు సీట్ల మధ్యకి వచ్చి పడింది. మా ఆయన చెప్పు తీసి వెనక్కి అందించారు.

"ఇద్దరిది తప్పే. కాలు గాదు. మోచేయి," అన్నారు.

ఇద్దరూ ఒక్కసారే ఆయన మీద విరుచుకుపడ్డారు.

"నీకేం ఎరుకరా? నెత్తిన హెల్మెట్ పెట్టుకున్నోనికి ఏం కనవడ్తది? సూసింది మేము!"

మా ఆయన నా వైపు తిరిగి నవ్వారు. ఆ రోజు నవ్వడం అదే మొదలు. కుడికాలా ఎడమకాలా తేలేలా లేదు. నేను ఇంజను ఆపేసి, తేలేదాకా అక్కడే కూర్చున్నాను.