సల్మానియాకు వెళ్లిన పాస్టరు

ముప్పయ్యేళ్లు పత్రికలో పనిచేశాను. దెయ్యాలు, మహిమలు అంటూ వచ్చిన వార్తల్ని పక్కన పడేయడం నా ఉద్యోగంలో భాగం. ఇప్పటికీ వాటిని నమ్మను. ఇది మాత్రం నా కళ్లెదుట జరిగింది.

బహ్రెయిన్‌లో మా తెలుగు ఆరాధన శుక్రవారం ఉదయం. రత్నం పాస్టరుగారు వారమంతా ఆఫీసు డ్యూటీ చేసి, ఆ ఒక్క సెలవునూ ప్రసంగానికీ, కార్మికుల క్యాంపులకీ, ఆసుపత్రులకీ ఇచ్చేసేవారు. కారు నాది. శుక్రవారాల్లో ఆరాధన మొదలైనప్పటి నుంచి ఆయన ఫోన్ కూడా నా దగ్గరే ఉండేది.

ఆ వారం ఆయన భార్య సువార్త నన్ను పక్కకు పిలిచింది. "అన్నయ్యా, పోయిన రెండేళ్లూ పిల్ల పుట్టినరోజుకి ఈయన ఆసుపత్రుల్లోనే ఉన్నారు. ఈ శుక్రవారం ఒక్కటీ మాకు వదిలెయ్యండి." పూచీ నాది అన్నాను.

ఆరాధన ముగిశాక పాప పుట్టినరోజుకని అందరం బుదైయాలో ఒక విశ్వాసి తోటకు వెళ్లాం. పన్నెండున్నరకు నా జేబులో పాస్టరుగారి ఫోన్ మోగితే ఎత్తాను. సల్మానియా ఆసుపత్రి నుంచి నర్సయ్య. అక్కడ చావుబతుకుల్లో ఉన్న గంగారాంతో క్యాంపులో ఒకే గదిలో ఉంటాడు. గంగారాంది జగిత్యాల వైపు. మెడలో ఆంజనేయుడి బిళ్ల తీయలేదు, పాస్టరుగారూ తీయమనలేదు. అతను మంచం పట్టిన రోజు నుంచి ఆయన వెళ్లి పక్కన కూర్చునేవారు, అంతే.

"సారూ, గంగారాం పాస్టర్ సారును ఒక్కపారి చూస్తనంటుండు. జర తోలుకరాండ్రి."

"సాయంత్రం తీసుకొస్తాలే."

"పొద్దుగూకెదాంక ఉంటడో లేదో సారూ."

ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకున్నాను. ఎదురుగా పాస్టరుగారు పాప చెయ్యి పట్టుకుని కేకు కోయిస్తున్నారు. ఫొటోలు తీశాను. మూడు దాటేదాకా ఆయన మా కళ్ల ముందు నుంచి కదల్లేదు.

సాయంత్రం పాస్టరుగారినీ సువార్తనూ తీసుకుని ఆసుపత్రికి వెళ్లేసరికి గంగారాం మంచం ఖాళీ. రెండున్నరకు పోయాడట. నర్సయ్య పాస్టరుగారి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వొచ్చినంక నిమ్మలంగ పాణం ఇడిసిండు సారూ. ఆళ్లింటామెతోని గూడ మాట్లాడితివి." నా వైపు తిరిగి, "సాయంత్రమంటివి గని, ఎంటనే తోలిచ్చినవ్. నీకు దండం పెడత" అన్నాడు.

వార్డు నర్సు కేరళ అమ్మాయి. ఒంటిగంటకు ఈయనే వచ్చారని ఆమె కూడా చెప్పింది. గంగారాం ఫోన్‌లో ఇంటికి చేసిన కాల్ ఉంది. ఒంటిగంటా పదికి మొదలై ఇరవై నిమిషాలు సాగింది. మర్నాడు అతని భార్యతో మాట్లాడాను. ఆమె అడిగింది ఒక్కటే. "పిల్లలను చదివియ్యుమని ఆయన శెప్పిండని పాస్టర్ సారే నాతోని అన్నడు. గది నిజమేనా?" నిజమేనన్నాను. ఏ ఆధారంతో అన్నానో తెలియదు.

ఆ సాయంత్రమే ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ, నర్సయ్య ఫోన్ సంగతి కారులో పాస్టరుగారికి చెప్పేశాను. తన రూపంలో మంచం దగ్గరికి వెళ్లిందెవరని ఆయన అడగలేదు. ఫొటోలు చూపించబోతే చూడలేదు. ఆయన ఇంకోటి అడిగారు:

"ఫోన్ వచ్చిందని నాతో ఎందుకు చెప్పలేదు అన్నగారూ?"

వెనక సీట్లో సువార్త తల దించుకుంది. ఆమె పేరు నేను చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అక్కడికి ఎవరు వెళ్లారో నేను తేల్చలేకపోయాను.   ఫోన్ మాత్రం ఇప్పుడు పాస్టరుగారు తన దగ్గరే పెట్టుకుంటున్నారు.